బొగ్గింజను చూడబోయి బౌల్డ్ అయ్యాం

2016 ఫిబ్రవరి 25, గురువారం. ఆ రోజు ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టి, కారణం దగ్గర "సొంత పని" అని రాశాను. "రైలింజను చూడ్డానికి" అని ఉన్నదున్నట్టు రాసినా మా మేనేజరు ఏమీ అనుకునేవాడు కాదని మర్నాడు తెలిసింది. ఆయన కూడా అదే పని మీద సెలవు పెట్టి, మాకు పది మైళ్ళ అవతల ఇంకో వంతెన మీద నిలబడ్డాడట.

అప్పట్లో మేం ఇంగ్లండులో పీటర్‌బరోలో ఉండేవాళ్ళం. లండన్ కింగ్స్ క్రాస్ నుంచి ఎడిన్‌బరో పోయే మెయిన్ లైను మీద డెబ్బై ఆరు మైళ్ళ దగ్గర వచ్చే ఊరు. మా ఆవిడ పురుడికని అమ్మా నాయనా జనవరిలో వచ్చారు. అమ్మకి పథ్యం వంట, పసిబిడ్డ స్నానం, సాంబ్రాణి పొగ, ఆ పొగకి మోగే ఫైర్ అలారం, ఇలా తల ఎత్తే తీరిక లేదు. నాయనకి చేయడానికి ఏమీ లేదు. బయటికి పోతే చలి, లోపల కూర్చుంటే టీవీలో మాట్లాడేది అర్థం కాదు. మా పెరటి వైపు కిటికీ కాస్త తెరిస్తే రైళ్ళ చప్పుడు వినిపించేది. స్వెట్టరు మీద స్వెట్టరు తొడుక్కుని అక్కడే కుర్చీ వేసుకున్నాడు. "ఇది కరెంటు బండి. ఇది డీజిలు. ఇది గూడ్సు, ఖాళీ వ్యాగన్లు" అని గోడకి చెబుతున్నట్టు చెప్పేవాడు. ఒక్కటీ కనబడదు అక్కణ్ణించి. అన్నీ చెవితోనే.

మాది బిట్రగుంట. నెల్లూరుకీ కావలికీ మధ్య. రైల్వే కాలనీ, లోకో షెడ్డు లేకపోతే ఆ ఊరి పేరు బయటివాళ్ళకి తెలిసేదే కాదు. నాయన 1964లో ఆ షెడ్డులో క్లీనరుగా చేరాడు. అంటే ఇంజను కింద దూరి నూనె మడ్డి గీకి తుడిచే పని. తర్వాత సెకండ్ ఫైర్‌మన్, ఆ తర్వాత ఫస్ట్ ఫైర్‌మన్. పదహారేళ్ళు బొగ్గుతోనే బతికాడు. 1980 నాటికి మద్రాసు-విజయవాడ లైనుకి కరెంటు తీగలు వచ్చేస్తే ట్రైనింగు తీసుకుని అటు మారి, ఎలక్ట్రిక్ డ్రైవరుగా 2004లో రిటైరయ్యాడు.

బొగ్గింజన్ల గురించి ఆయన ముద్దుగా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. కుడి మోచేతి మీద రూపాయి బిళ్ళంత కాలిన మచ్చ ఉంది, దాని గురించీ చెప్పడు. ఎవరైనా "ఆ కూ చుక్ చుక్ బండ్లు ఎంత బాగుండేవండీ" అంటే "ఊ" అని ఊరుకునేవాడు. అందుకే ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ మనూరి మీదుగా పోతోంది, చూద్దామా అని అడిగితే, "ఏముందిరా దాంట్లో, నేను చూడని ఇంజనా" అన్నాడు. నాకు ఆశ్చర్యం కలగలేదు.

అసలా పేరుతోనే మొదట చిక్కొచ్చింది. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ అనేది లండన్-ఎడిన్‌బరో మధ్య నడిచే బండి పేరు. ఇంజనుకీ అదే పేరు పెట్టారు. "మనకి గోల్కొండ ఎక్స్‌ప్రెస్ అంటే బండే గదా. ఇంజనుకి నంబరే" అన్నాడు నాయన. ఇక్కడ ఇంజన్లకి పేర్లుంటాయి, ఇత్తడి పలక మీద పోతపోసి చక్రం పైన బిగిస్తారు అని చెప్పాను. ఈ ఇంజను 1923లో డాంకాస్టర్ వర్క్‌షాపులో తయారైంది. నైజెల్ గ్రెస్లీ డిజైను. 1934 నవంబరు 30న గంటకి వంద మైళ్ళ వేగం అందుకుని రికార్డుకెక్కింది. 1963లో రైల్వే దాన్ని పక్కన పెట్టేస్తే అలన్ పెగ్లర్ అనే ఆసామి మూడు వేల పౌండ్లకి కొనుక్కున్నాడు. 1969లో అమెరికా తీసుకెళ్ళి ఊరూరా తిప్పి, ఆఖరికి దివాలా తీశాడు. ఇంకొకాయన దాన్ని విడిపించి వెనక్కి తెచ్చాడు. ఆ తర్వాత ఆస్ట్రేలియా కూడా పోయొచ్చింది. చేతులు మారీ మారీ 2004లో యార్క్‌లో ఉన్న నేషనల్ రైల్వే మ్యూజియంకి చేరింది. 2006 నుంచి పదేళ్ళు రిపేరు, ఖర్చు నలభై రెండు లక్షల పౌండ్లు.

"మూడు వేలకి కొన్నదానికి నలభై రెండు లక్షలా!" అన్నాడు నాయన. కాసేపు ఆగి, "మా బండ్లని గ్యాస్ కట్టర్‌తో ముక్కలు కోసి లారీలకెత్తారు" అన్నాడు. అంతే, మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

ఆయన్ని కదిలించింది రికార్డులూ కాదు, రేట్లూ కాదు. టెండరు, అంటే ఇంజను వెనక బొగ్గూ నీళ్ళూ మోసే పెట్టె. 1928 మే 1న ఈ ఇంజను లండన్ నుంచి ఎడిన్‌బరో దాకా 392 మైళ్ళు ఎక్కడా ఆగకుండా పోయింది. ఎనిమిది గంటల పైన ప్రయాణం. ఒక డ్రైవరు, ఒక ఫైర్‌మన్ అంతసేపు చేయలేరు గనక, ఆ టెండర్లోంచే ఒక సందు పెట్టారు. ఐదడుగుల ఎత్తు, పద్దెనిమిది అంగుళాల వెడల్పు. రెండో జట్టు వెనక పెట్టెలో కూర్చుని, సగం దూరంలో ఆ సందులోంచి వంగి నడిచొచ్చి డ్యూటీ ఎక్కుతుంది. మొదటి జట్టు పెట్టెలోకి పోయి కాళ్ళు చాపుకుంటుంది. నీళ్ళకి కూడా ఆగక్కర్లేదు. పట్టాల మధ్య పొడుగాటి తొట్లు కట్టి ఉంచేవాళ్ళు, బండి పోతూ పోతూనే గరాటు దించి తోడుకునేది.

నాయన లేచి నిలబడ్డాడు. చేతుల్తో పద్దెనిమిది అంగుళాలు కొలిచి, తల వంచి, హాల్లో సోఫాకీ గోడకీ మధ్య పక్కవాటుగా రెండడుగులు వేసి చూశాడు. "బొగ్గు పక్కనించే దోవ! డ్యూటీ అయిపోతే దిగే దోవ!" అన్నాడు. "మాకు పదారు గంటలైనా రిలీఫ్ వచ్చేది కాదురా. 1973లో లోకో వాళ్ళంతా సమ్మె చేస్తేగాని పది గంటల డ్యూటీ అనే మాటే పుట్టలా. వీళ్ళు 28లోనే పెట్టారా?" ఆ రాత్రి అన్నం దగ్గర మళ్ళీ అడిగాడు, "ఎన్నింటికి పోవాలన్నావు?" అని.

ఇక ఏర్పాట్లు. పాత ఇంజను వస్తోందంటే పోయి ప్లాట్‌ఫారం మీద నిలబడితే సరిపోతుందనుకునేవాణ్ణి. ఆఫీసులో ఈ పిచ్చి ఉన్న కుర్రాడొకడు నా అజ్ఞానానికి జాలిపడి అరగంట పాఠం చెప్పాడు. స్టేషన్‌లో జనం తలకాయలే కనబడతాయి, వెళ్ళొద్దన్నాడు. పొద్దున ఎండ వీపు మీద పడే వైపు చూసుకోవాలి, లేకపోతే నల్ల ఇంజను ఇంకా నల్లగా పడుతుంది (ఇది ఆకుపచ్చ రంగుదిలెండి). గాలి ఎటు వీస్తోందో చూడాలి, ఆవిరి మనవైపు పడితే బండి మొత్తం తెల్ల దుప్పటి కప్పుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఎక్కుడు మీద నిలబడాలి. చదునుగా ఉన్నచోటో దిగుడులోనో ఇంజను ఊరికే దొర్లుకుంటూ పోతుంది.

ఇది నాయనకి చెబితే, "మరి? దిగుడులో ఆవిరి వదిలే రెగ్యులేటరు మూసేస్తారు. ఏం వినపడుద్ది?" అన్నాడు, ఇది కూడా ఒకరు చెప్పాలా అన్నట్టు.

మాకు దగ్గర్లో ఉన్న ఎక్కుడు స్టోక్ బ్యాంక్. పీటర్‌బరో దాటాక ఉత్తరంగా స్టోక్ సొరంగం దాకా ఎక్కుతూ పోతుంది, గట్టిగా ఉన్నచోట 178 అడుగులకి ఒక అడుగు. రోడ్డు మీద అయితే సైకిలు తొక్కేవాడికి కూడా తెలియదు. రైలుకి తెలుస్తుంది. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ 1934లో వంద మైళ్ళు కొట్టింది ఇక్కడే, లిటిల్ బైథమ్ అనే పల్లె దగ్గర, కాకపోతే దక్షిణంగా దిగుతూ. 1938 జూలై 3న మాలార్డ్ అనే ఇంజను 126 మైళ్ళతో బొగ్గింజన్ల ప్రపంచ రికార్డు పెట్టిందీ ఈ దిగుడులోనే. ఈసారి మన బండి ఉత్తరంగా, యార్క్‌కి పోతోంది గనక ఎక్కాలి. "మన లైను బల్ల మీద గీసినట్టు ఉంటది. గూడూరు నుంచి బెజవాడ దాకా ఇంత కూడా ఎక్కేది లేదు" అన్నాడు నాయన మ్యాప్ చూస్తూ.

టైము పట్టుకోవడం తేలికే. ఇక్కడ ఏ రైలు ఎక్కడుందో చూపించే సైట్లున్నాయి. స్పెషల్ బండ్లకి 1జెడ్‌తో మొదలయ్యే నంబరు ఉంటుంది, దాన్ని వెతికితే ప్రతి జంక్షనూ ఎన్నింటికి దాటాలో, ఎన్నింటికి దాటిందో వస్తుంది. కింగ్స్ క్రాస్‌లో 7:40కి బయల్దేరాలి.

మేం ఇంట్లోంచి ఏడుకే కదిలాం. నాయనకి రెండు ప్యాంట్లు, మూడు స్వెట్టర్లు, పైన నా పాత జాకెట్టు, తలకి తెల్లటి మంకీ క్యాప్. అమ్మ ఒక డబ్బాలో చెక్కలు పెట్టి, "ఈ చలిలో రైలు చూడ్డానికి పొయ్యే మొగోళ్ళని మిమ్మల్నే చూస్తున్నా" అంది. ఆమె మాట పూర్తిగా తప్పు. మేం పోయేసరికి ఆ పొలాల మధ్య సన్నటి రోడ్డు పక్కన అప్పటికే పాతిక కార్లున్నాయి. గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది, ఎండ మాత్రం కళ్ళు చెదిరేలా కాస్తోంది. వంతెన గోడ నా గడ్డం దాకా వచ్చింది. అందరూ మడత నిచ్చెనలు ఎందుకు మోసుకొచ్చారో అప్పుడర్థమైంది. మేం తేలేదు. ఒకావిడ తన నిచ్చెన మీద సగం చోటు నాయనకి ఇచ్చింది.

ఎవరెవరొచ్చారంటే - ట్రైపాడ్లు పట్టుకున్న రిటైరైన మగవాళ్ళు ఎక్కువ. బడి యూనిఫారంలో ఇద్దరు పిల్లలు, వాళ్ళకి ఆ పూట "కడుపునొప్పి" అని వాళ్ళ తాతే చెప్పాడు. భుజాన పసిపాపని కట్టుకున్న ఒక అమ్మాయి. వంతెన చివర అందరికీ దూరంగా ఒకతను, చేతిలో పొడుగాటి కర్ర, దాని చివర బొచ్చు తొడుగు వేసిన మైకు. అతను ఫోటోలు తీయడు, చప్పుడు రికార్డు చేస్తాడు. వచ్చిన ప్రతివాళ్ళ దగ్గరికీ పోయి, "బండి వచ్చినప్పుడు దయచేసి అరవకండి" అని వినయంగా చెబుతున్నాడు. నాయన దగ్గరికీ వచ్చి చెప్పాడు. నేను తెలుగులో చెప్పగానే నాయన ఆ మైకు వైపు చూసి, "వీడొక్కడే సరైన పని మీద వచ్చాడు" అన్నాడు.

టైము దాటింది. బండి రాలేదు.

ఫోన్లన్నీ ఒకేసారి బయటికొచ్చాయి. సెయింట్ నియోట్స్ దగ్గర బండి ఆపేశారు. ఫోటోల కోసం పదుల కొద్దీ జనం ఏకంగా పట్టాల మీదకి వచ్చేశారట. వంతెన మీద ఒక్కసారిగా తిట్లు మొదలయ్యాయి. ఇంగ్లీషువాళ్ళు ఇంత బాహాటంగా తిట్టుకోవడం నేను అదే చూడ్డం. వాళ్ళ కోపమంతా ఆలస్యమైనందుకు, ఇలాంటివాళ్ళ వల్ల రేపు ఈ ఇంజన్ని మెయిన్ లైను మీదకి రానివ్వరేమోనని. నాయనకి విషయం చెప్పాను. ఆయన తిట్టలేదు. నిచ్చెన దిగి, చేతులు జేబుల్లో పెట్టుకుని, కిందున్న పట్టాల వైపు కాసేపు చూశాడు.

"కూత వెయ్యడం తప్ప డ్రైవరు చేసేదేం ఉండదురా. బ్రేకు వేసినా బండి దాని ఇష్టం వచ్చినంత దూరం పోతది. మనిషి కనపడతా ఉంటాడు. మొహం కూడా కనపడతది." అంతకంటే చెప్పలేదు, నేను అడగలేదు. ముప్పై ఏళ్ళు బండ్లు నడిపిన ఏ డ్రైవరింట్లోనైనా అడగకూడని సంగతి ఒకటుంటుంది.

వాతావరణం తేలిక చేసింది పక్కనున్న పెద్దాయన. ఎనభైకి దగ్గరుంటాయి. టోపీ నిండా రైళ్ళ బిళ్ళలు, చేతిలో అట్ట ఊడిన నోటుబుక్కు. ఫ్లాస్కులోంచి టీ పోసి నాయనకి అందించాడు, నాయన చెక్కల డబ్బా తీశాడు. చిన్నప్పుడు, యాభైల్లో, ఈ లైను పక్కన కూర్చుని వచ్చిపోయే ఇంజన్ల నంబర్లు రాసుకునేవాడట. ఎప్పుడూ చూడని నంబరు కనబడితే పుస్తకంలో దాని కింద గీత. దాన్ని "కాప్" అంటారు. "ఫ్లయింగ్ స్కాట్స్‌మన్‌ని ఎన్నిసార్లు చూశారు?" అని అడిగా. నవ్వాడు. "లెక్కేలేదు. అది వస్తే 'ఛీ, మళ్ళీ ఇదేనా' అనుకునేవాళ్ళం. గీసేసిన నంబరు కదా!" అన్నాడు.

మాటల్లో మా నాయన ఇండియాలో బొగ్గింజను ఫైర్‌మన్ అని నోరు జారాను. అంతే. ట్రైపాడ్లు వదిలేసి జనం చుట్టూ చేరారు. ఏ క్లాసు ఇంజను? ఏ షెడ్డు? ఎంత బొగ్గు? నేను దుబాసీని. నాయన ముందు మొహమాటపడ్డాడు. "డబ్ల్యూపీ, డబ్ల్యూజీ" అన్నాడు. ఆ రెండు మాటలకి అనువాదం అవసరం పడలేదు. ముక్కు బుల్లెట్‌లా ఉండే డబ్ల్యూపీ వాళ్ళలో చాలామందికి తెలుసు. మొదటివి 1947లో అమెరికా నుంచి వచ్చాయని ఒకతను నాకే చెప్పాడు.

పారతో బొగ్గెలా వేస్తారు అని బడిపిల్లల్లో ఒకడు అడిగాడు. నాయన నా చేతిలో గొడుగు లాక్కున్నాడు. రోడ్డు మధ్యలో కాళ్ళు ఎడం చేసి నిలబడి, గొడుగు పిడిని ఎడమ చేత్తో, మధ్యలో కుడి చేత్తో పట్టుకుని ఊపాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి, మూడు స్వెట్టర్లలో. అయినా ఆ ఊపు ఎక్కడా తడబడలేదు. "చేతులు కాదు, నడుం తిరగాల. ముందు వెనక మూలలు రెండూ, తర్వాత పక్కలు, మధ్యలో పలచగా. ఒక్కసారే గుట్ట పోస్తే నిప్పు చస్తది. పార చివర ఇట్టా మణికట్టు తిప్పితే బొగ్గు పరుచుకుంటది." నేను తర్జుమా చేస్తుంటే పిల్లాడు కళ్ళార్పకుండా చూశాడు. "తలుపు తీసినప్పుడు మొహం కాలదా?" అని అడిగాడు. "ఒక పక్క మొహం కాలతది, వీపు పక్క వానకి తడస్తది" అన్నాడు నాయన. "మధ్యలో సింగరేణి బొగ్గు. సగం రాయి, బూడిద. ట్రిప్పు అయ్యేసరికి అడుగున అట్టలు కడతది, దాన్ని పొడిచి లాగాల. అదీ అసలు పని."

పొగ గురించి వేరే పాఠం. నిచ్చెనావిడ, దట్టమైన నల్లపొగ వస్తే ఫోటో బాగుంటుంది అంది. నేను చెప్పగానే నాయన గట్టిగా తల అడ్డంగా ఊపాడు. "నల్లపొగ వస్తే ఫైర్‌మన్‌కి పని రానట్టు. బొగ్గు కాలకుండా గొట్టంలోంచి పోతున్నట్టు. మా ఇన్‌స్పెక్టరు చూస్తే చార్జిషీటు ఇస్తాడు." ఆవిడ నవ్వింది. నేను నవ్వలేదు, ఎందుకంటే నేనూ నల్లపొగ కోసమే ఎదురు చూస్తున్నా.

ఇంతలో ఎవరో "సిగ్నల్!" అన్నారు. అందరూ ఎవరి చోటికి వాళ్ళు. ఆ పక్క నుంచి ఈ పక్కకి మాటలు ఆగిపోయాయి. దూరంగా, తీగల స్తంభాల వరుస చివర, ఒక తెల్లటి మచ్చ. ముందు కదలనట్టే ఉంది. తర్వాత ఉబ్బడం మొదలైంది. నేను ఫోన్ ఎత్తి, వీడియో నొక్కి, చెయ్యి వణక్కుండా మోచేతులు గోడకి ఆనించాను. నల్లటి ముక్కు, దాని మీద 60103 అని నంబరు పలక, గొట్టానికి రెండు పక్కలా రేకులు. రెండు కూతలు. ఒళ్ళు జలదరించింది, ఒప్పుకుంటున్నా.

సరిగ్గా అప్పుడే, మా వెనక నుంచి, పక్క లైను మీద లండన్ పోయే ఎక్స్‌ప్రెస్ రివ్వున వచ్చింది.

దీనికి ఇక్కడివాళ్ళు పెట్టుకున్న మాట "బౌల్డ్". క్రికెట్‌లో బౌల్డయితే వికెట్ పోతుంది, ఇక్కడ ఫోటో పోతుంది. నా ఫోన్లో పదకొండు సెకన్లు ఉంది. మూడు సెకన్లు చుక్కంత ఇంజను, ఏడు సెకన్లు ఎక్స్‌ప్రెస్ పెట్టెల కిటికీలు, ఒక సెకను ఆఖరి పెట్టె. వంతెన ఆ వైపున్నవాళ్ళందరం అవుట్. నిచ్చెన మీద నుంచి ఒక పెద్దమనిషి అన్న మాట ఇక్కడ రాయలేను. పదేళ్ళు, నలభై రెండు లక్షల పౌండ్లు, పొద్దుటి నుంచి చలి, అన్నీ కలిపి ఏడు సెకన్లలో ఎగిరిపోయాయి.

కానీ ఎక్స్‌ప్రెస్ పోయాక చప్పుడు మిగిలింది. ఇంజను వంతెన దాటి ఎక్కుడు ఎక్కుతోంది. ఒక్కో దెబ్బ విడిగా వినబడేంత నిదానం కాదు. అన్నీ కలిసి ఒకే గర్జన, లోపల మాత్రం ఏదో తొందరగా తట్టుతున్నట్టు. వంతెన కింద చిక్కుకున్న ఆవిరి మా మీదకి లేచింది, వెచ్చగా, తడిగా, దాని వెనకే బొగ్గు వాసన. మైకు అతను వేలు పెదాల మీద పెట్టుకుని నిలబడ్డాడు. నాయన అసలు పట్టాల వైపే చూడట్లేదు. కళ్ళు మూసుకుని, మంకీ క్యాప్ చెవుల మీద నుంచి పైకి లాగి, తల ఒక పక్కకి వాల్చి వింటున్నాడు. చప్పుడు సన్నబడి, మలుపు తిరిగి, పోయింది. అప్పుడు కళ్ళు తెరిచాడు.

"బొగ్గు మంచిది. రాయి లేదు" అన్నాడు మొదట. తర్వాత, "ఇది నాలుగు కొట్టట్లా. ఎక్కువ కొడతా ఉంది. చిక్కగా ఉంది."

నాకు అర్థం కాలేదు. డబ్ల్యూపీకి రెండు సిలిండర్లు, చక్రం ఒక చుట్టు తిరిగితే గొట్టంలోంచి నాలుగు దెబ్బలు వస్తాయి, ఆ లెక్క తన చెవిలో ఉంది, ఇది ఆ లెక్కకి తగ్గట్టు లేదు అన్నాడు. చెప్పిందే చెప్పి పెద్దాయన్ని అడిగాను. ఆయన మాట్లాడకుండా మూడు వేళ్ళు చూపించాడు. గ్రెస్లీ ఈ ఇంజనుకి మూడు సిలిండర్లు పెట్టాడు. రెండు బయట, ఒకటి లోపల, మధ్యలో కనబడకుండా. చుట్టుకి ఆరు దెబ్బలు. నాయన ఆయన మూడు వేళ్ళ వైపు చూసి, తన చేతి వేళ్ళు ఆరు చూపించాడు. ఇద్దరూ తలలూపుకున్నారు. అక్కడ నాతో పని లేదు.

ఇంటికొచ్చాక అమ్మ తలుపు తీసి నాయన మంకీ క్యాప్ వైపే చూసింది. తెల్లటి ఉన్ని మీద ఆవగింజల్లా నల్లటి నుసి. "ముప్పై ఆరేళ్ళయింది ఈ మసి వదిలించుకుని, మళ్ళీ తెచ్చావా ఇంటికి!" అని టోపీ ఊడబీకి సబ్బునీళ్ళలో పడేసింది.

సాయంత్రం వీడియో చెరిపేద్దామని ఫోన్ తీస్తే, రికార్డింగు ఆపడం మర్చిపోయానని తెలిసింది. మొదటి పదకొండు సెకన్ల తర్వాత తెరంతా గోడ ఇటుకలే, చప్పుడు మాత్రం రెండు నిమిషాలు ఉంది. నాయన వినిపించమన్నాడు. మామూలు వేగంలో గర్జనే. ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి వేగం ఎనిమిదో వంతుకి తగ్గించాను. అప్పుడు విడివిడిగా వచ్చాయి దెబ్బలు, మంచం కింద ఎవరో దుప్పటి దులుపుతున్నట్టు. నాయన వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు. ఆరు. మళ్ళీ ఆరు. ఆరింట్లో ఒకటి కొంచెం బరువుగా పడుతోందని, ఎక్కడో వాల్వు సర్దుబాటు ఒక వెంట్రుకవాసి తేడా ఉందని ఆయన అభిప్రాయం. ఆ మాట పట్టుకుని మ్యూజియానికి ఉత్తరం రాయమన్నాడు. రాయలేదు.

అసలు వేగంలో ఉన్న ముక్కనే కత్తిరించి, నాయన తన పాత లోకో స్నేహితుల వాట్సాప్ గ్రూపులో పెట్టించాడు. ఏమీ రాయొద్దన్నాడు, చప్పుడు ఒక్కటే. అక్కడ అప్పటికి రాత్రి పదవుతోంది. రెండు నిమిషాల్లో బిట్రగుంట నుంచి ఒక గొంతు మెసేజి వచ్చింది. ముసలి గొంతు, వెనక ఫ్యాను తిరుగుతున్న చప్పుడు.

"ఒరే, ఇది మూడు సిలిండర్ల బండిరా. మన షెడ్డులో ఇట్టాంటిది లేదే. నీకు డ్యూటీ యాడేశారు?"